కార్కు బిరడాలు, స్పాంజి సాలీళ్లు, మల్బరీ పళ్లు: పాత వెచ్చనీటి ఫ్లైల జ్ఞాపకాలు

ఇప్పుడు అమెరికాలో ఏ ఫిషింగ్ షాపుకెళ్లినా వెచ్చనీటి చేపల ఫ్లైలు, అంటే హుక్కుకు ఈకలు, వెంట్రుకలు, రబ్బరు లాంటివి కట్టి చేసే నకిలీ ఎరలు, పెట్టే అర ఒక్కలాగే కనబడుతుంది. నీటి మీద తేలుతూ చప్పుడు చేసే అవే పాపర్లు, అవే మెరుపు పోగులు, అన్నీ ఒకే ఫ్యాక్టరీలో కట్టినట్టు. ఒకప్పుడు టెక్సస్, లూసియానా, టెన్నెసీ వైపు పెద్దవాళ్ల ఫ్లైల డబ్బా మూత తీస్తే ఏ రెండూ ఒకలా ఉండేవి కావు. సీసా బిరడా చెక్కి రంగేసినదొకటి, వంటింటి స్పాంజి కత్తిరించి కాళ్లు పెట్టినదొకటి, పండిన మల్బరీ పండులా ఉన్నదొకటి. చల్లనీటి చేప ట్రౌట్ కోసం తిరిగే వేటగాళ్లు వీటిని ఫ్లైలని ఒప్పుకునేవాళ్లు కాదు. బ్లూగిల్, బాస్, కార్ప్ లాంటి వెచ్చనీటి చేపలు మాత్రం ఒప్పుకున్నాయి. ఆ డబ్బాలు ఒక్కొక్కటే కనుమరుగవుతున్నాయి కాబట్టి, వాటిలో ఏముండేదో, ఎలా కట్టేవాళ్లో, ఎందుకలా కట్టేవాళ్లో గుర్తున్నంత వివరంగా రాస్తున్నాను.

ఫ్లై ఫిషింగ్ తెలియనివాళ్లకు ఒక్క మాట. మామూలు గాలంలో ఎర బరువు దారాన్ని లాక్కెళ్తుంది. ఇక్కడ ఫ్లైకి చెప్పుకోదగ్గ బరువుండదు. లావుపాటి లైను బరువే దాన్ని మోసుకెళ్తుంది. అందుకే గాలికి అడ్డం పడే ప్రతి వెంట్రుకకూ, ప్రతి రబ్బరు పోగుకూ విసిరేటప్పుడు లెక్క చెప్పుకోవాలి.

ఈ ఫ్లైలు ఇంత వింతగా ఎందుకుంటాయో చేప తీరు చూస్తే అర్థమవుతుంది. ట్రౌట్ పారే నీళ్లలో నిలబడి, కొట్టుకొచ్చేదాన్ని క్షణంలో తేల్చుకోవాలి. చెరువులో బ్లూగిల్‌కు ఆ తొందర లేదు. దగ్గరికొస్తుంది, ఆగుతుంది, ఫ్లైకి జానెడు దూరంలో నిలబడి తేరిపార చూస్తుంది. ఫ్లై కదలకుండా ఉన్నప్పుడు కూడా దానిలో ఏదో ఒకటి కదులుతూ ఉండాలి, లేదంటే వెనక్కి తిరిగిపోతుంది. లార్జ్‌మౌత్ బాస్ కథ వేరు. అది నాచు చాటునో దుంగ కిందో పొంచి ఉంటుంది. బురద నీళ్లలో, మసక వెలుతురులో దానికి కంటి కన్నా ముందు ఒంటి పక్కన ఉండే స్పర్శ గీత పనిచేస్తుంది, నీటి తోపును ఒంటితోనే పసిగడుతుంది. కాబట్టి బాస్ ఫ్లై నీటిని తొయ్యాలి. పాత వింత ఫ్లైలన్నీ ఈ రెండు అవసరాల్లో ఏదో ఒకదానికి పుట్టినవే.

వీటిలో రాతపూర్వకంగా దొరికే అతి పాతది ట్రౌట్ ఫ్లైల సంప్రదాయానికి చెందనే చెందదు. విలియం బార్‌ట్రమ్ అనే వృక్షశాస్త్రవేత్త 1770లలో ఫ్లోరిడా ప్రాంతం తిరిగి, 1791లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో అక్కడివాళ్లు బాస్‌ను పట్టే తీరు వర్ణించాడు. చిన్న పడవలో ఇద్దరు. వెనకాయన చప్పుడు లేకుండా ఒడ్డు వెంట నడుపుతాడు. ముందాయన చేతిలో 10, 12 అడుగుల కర్ర, దాని కొసకు కేవలం 20 అంగుళాల గట్టి దారం. వీపుకు వీపు ఆనించిన మూడు పెద్ద గాలాలకు జింక తోక తెల్ల వెంట్రుకలు, ఎర్రగుడ్డ పేలికలు, రంగురంగుల ఈకలు చుట్టి పిడికిలంత కుచ్చు కడతారు. దాన్ని నాచు అంచున నీటికి తగిలీ తగలనట్టు ఆడిస్తారు. దారం అంత పొట్టిగా ఎందుకంటే, కుచ్చు ఒకేచోట ఆగి అల్లరి చెయ్యాలి, ముందుకు జరగకూడదు. నాచు చాటున ఉన్న బాస్ దూరంగా పారిపోయేదాని వెంట పడటానికి బద్ధకిస్తుంది గానీ, నెత్తి మీద ఆగి అల్లరి చేసేదాన్ని సహించదు. ఈనాటి బాస్ బగ్గును, అంటే బాస్ కోసం నీటి మీద తేల్చే ఫ్లైని, ఒకేచోట ఆపి వణికించమని చెప్పేది కూడా అందుకే.

20వ శతాబ్దం తొలి ఏళ్లలో టెన్నెసీలోని చట్టనూగాకు చెందిన ఎర్నెస్ట్ పెకిన్‌పా కార్కు బగ్గులను జనంలోకి తెచ్చాడు. కార్కు పాపర్ కట్టడం చూడటానికి తేలిక, చెడగొట్టడం ఇంకా తేలిక. బ్లూగిల్‌కు 6 నుంచి 8 మిల్లీమీటర్లు, బాస్‌కు 12 నుంచి 15 మిల్లీమీటర్ల మందం చాలు. అడుగున బ్లేడుతో నిలువునా గాడి కొయ్యాలి. ఆ గాడి లోతు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. హుక్ కాడ కార్కు మధ్యలోకి పోయిందంటే, అడుగున మిగిలిన కార్కు హుక్ వంపును మూసేస్తుంది. చేప కొడుతుంది, గుచ్చుకోదు. కాడ కార్కు పొట్టకు ఆనుకునే ఉండాలి, వంపు మొత్తం ఖాళీగా కనబడాలి. రెండో తంటా, కార్కు కాడ చుట్టూ తిరిగిపోవడం. అందుకే కాడ మధ్యలో గూని ఉన్న ప్రత్యేకమైన హుక్కులు వచ్చాయి. అవి దొరకనప్పుడు కాడ మీద దారం వత్తుగా చుట్టి, పైన అడ్డదిడ్డంగా ఇంకో వరస చుట్టి, ఎపాక్సీ పెట్టి రాత్రంతా ఆరనివ్వాలి. గాడిలో మిగిలిన సందును కార్కు పొడి కలిపిన జిగురుతో పూడ్చి, సన్న గరుకు కాగితంతో రుద్ది, ముందు తెల్ల రంగు, అది ఆరాక అసలు రంగు. తెల్ల పూత లేకుండా వేసిన పసుపు రంగు కార్కు మీద మురికిగా తేలుతుంది.

కళ్లు పెట్టే పద్ధతి మాత్రం నాకెంతో ఇష్టం. కుంచె వాడరు. పెద్ద మేకు తలను తెల్ల రంగులో ముంచి కార్కుకు అంటిస్తే గుండ్రటి తెల్లగుడ్డు పడుతుంది. ఆరాక సన్న మేకు తలతో మధ్యలో నల్లచుక్క. మేకును నిటారుగా దించి నిటారుగా ఎత్తాలి, పక్కకు జరిగితే కన్ను కారిపోతుంది. రంగు చిక్కగా ఉండాలి. పాత పాపర్లలో కళ్లన్నీ ఒకే కొలతలో ఉండటానికి కారణం ఆ మేకులే.

బ్లూగిల్ విషయానికొస్తే, పాపర్ కన్నా స్పాంజి సాలీడే అసలైన వేట ఫ్లై. 10వ నంబరు పొడుగు కాడ హుక్కు తీసుకోండి. పొడుగు కాడ ఎందుకంటే బ్లూగిల్ నోరు చిన్నది, గుటుక్కున లోపలికి లాగేస్తుంది. కాడ బయట కనబడితేనే సన్న పటకారుతో తేలిగ్గా తియ్యగలం. కాడ మీద దారం పరిచి, సూపర్ గ్లూ చుక్క వేసి, 10, 12 మిల్లీమీటర్ల స్పాంజి ముక్క కింద చీలిక పెట్టి కాడ మీద కూర్చోబెట్టాలి. నడుము దగ్గర దారం నాలుగు చుట్లు. మొదటి రెండూ వదులుగా వేసి తర్వాత బిగించాలి, ఒక్కసారిగా లాగితే దారం స్పాంజిని కోసేస్తుంది. ఆ నడుము దగ్గరే ఇటొకటి అటొకటి రబ్బరు పోగులు పెట్టి, ఒక్కో పోగును మధ్యలో కడితే నాలుగు కాళ్లు తేలతాయి. దారం చుట్టలను ముందుకూ వెనక్కూ నడిపిస్తే కాళ్లు గుణకారం గుర్తులా విచ్చుకుంటాయి. కాలు పొడవు ఒంటి పొడవుకు ఒకటిన్నర రెట్లు చాలు. ఇంకా పొడుగైతే చేప కాలి కొస పట్టి లాగి వదిలేస్తుంది. మీకు లైను కదిలినట్టు తెలుస్తుంది, ఎత్తితే ఏమీ ఉండదు. అలా వరసగా జరుగుతుంటే చేపను తిట్టుకోకుండా కత్తెర తీసి కాళ్లు కాస్త కురచ చెయ్యండి.

విసిరాక చెయ్యాల్సింది ఏమీ చెయ్యకపోవడం. ఫ్లై పడ్డచోట వలయాలు లేస్తాయి. అవి పూర్తిగా అణగేదాకా ఆగాలి. రబ్బరు కాళ్లు ఆ సేపంతా వాటంతటవే సన్నగా వణుకుతూ ఉంటాయి. వలయాలు పోయాక ఒక్క చిన్న కుదుపు, మళ్లీ ఆగడం. నీటి మీద ముద్దు పెట్టిన చప్పుడు వస్తే లైను ఎత్తండి.

ఎండ ముదిరాక బ్లూగిల్ పైకి రాదు. అప్పుడు మునిగే సాలీడు కావాలి. స్పాంజి బదులు నడిమి మందం షెనిల్ (నూగు దారం), దాని కింద సన్నటి బరువు తీగ నాలుగు నుంచి ఆరు చుట్లు, కాళ్లు మాత్రం అవే. ఇక్కడ బరువే ప్రాణం. పది చుట్లు వేస్తే రాయిలా దిగిపోతుంది, కాళ్లు వెనక్కి అణిగి ఒంటికి అంటుకుపోతాయి. ఒక అడుగు లోతు దిగడానికి రెండు మూడు సెకన్లు పట్టాలి. ఇంట్లో గాజు గ్లాసులో వేసి చూసుకోవచ్చు, దిగుతున్నప్పుడు కాళ్లు పైకి లేచి ఆడుతుంటే సరిపోయినట్టే. చెరువులో లైను కొస మీదే కన్నుండాలి. దిగుతున్న లైను మధ్యలో ఆగినా, పక్కకు జరిగినా చేపే.

నీరు సుమారు 21 డిగ్రీల సెల్సియస్‌కు వచ్చేసరికి బ్లూగిల్ మగవి ఒడ్డు దగ్గర గుండ్రటి గుంటలు చేసి గుడ్లకు కాపలా కాస్తాయి. గుంటలు ఒకదాని పక్కన ఒకటి కాలనీలా ఉంటాయి. అప్పుడు ఏది వేసినా కొడతాయి కాబట్టే ఒకేచోట నిలబడి బుట్ట నింపుకోవడం తప్పు. పెద్ద మగవాటిని తీసేస్తే ఆ చెరువులో చేపల సైజే పడిపోతుంది. బాస్ గూడు దగ్గరా అంతే. కాపలా మగచేపను లాగేసిన కాసేపట్లో బ్లూగిల్ గుంపు వచ్చి గుడ్లు ఊడ్చుకుపోతుంది.

లూసియానాలోని లేక్ చార్ల్స్‌కు చెందిన టామ్ నిక్సన్ పేరు ఈ మధ్య వినబడటమే లేదు. ఆయన కట్టిన కాల్కషూ పిగ్ బోట్ అనే ఫ్లై నల్ల షెనిల్ ఒళ్లు, దాని మీద చుట్టిన నల్ల కోడి ఈక, మెడ చుట్టూ దట్టంగా నల్ల రబ్బరు పోగులు. అంతే. రబ్బరు లంగా తొడిగిన అప్పటి లోహపు ఎరల పనిని ఫ్లై చేత చేయించాలన్నది ఆయన ఆలోచన. కట్టేటప్పుడు పోగులన్నీ ఒకేసారి పెడితే ఒక పక్కకే కుప్ప పడి ఫ్లై నీళ్లలో పక్కకు ఒరుగుతుంది. ఎనిమిదో పదో పోగుల చొప్పున, హుక్కును తిప్పుకుంటూ పైన, కింద, రెండు పక్కలా విడివిడిగా కట్టాలి. ప్రతి విడత తర్వాత దారం బిగించి, చుక్క జిగురు. విసరడానికి బరువైన లైను మోసే 8వ నంబరు రాడ్ కావాలి, దానితో కూడా భుజం నొప్పి పుడుతుంది. అయితే సైప్రస్ చెట్ల వేళ్ల పక్కన అది దిగి, ఒక మూర లాగి ఆపగానే రబ్బరంతా ఒక్కసారి విచ్చుకుని మళ్లీ ముడుచుకుంటుంది. బురద నీళ్లలో, సాయంత్రం చీకటి పడే వేళ దాన్ని మించినది నేను చూడలేదు.

ఊలీ బగ్గర్, క్లౌజర్ మిన్నో అనే ఫ్లైలు ఇప్పుడు ప్రపంచమంతా తెలిసినవే కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయను. రెండూ పెన్సిల్వేనియా నదుల్లో స్మాల్‌మౌత్ బాస్ కోసం పుట్టినవని మాత్రం గుర్తుంచుకోవాలి. మొదటిది 1967లో రస్సెల్ బ్లెసింగ్ కట్టింది. రెండోది సస్కెహన్నా నది మీద బాబ్ క్లౌజర్ 1980లలో రూపొందించింది. క్లౌజర్ కట్టేవాళ్లు చేసే పొరపాటు ఒకటే, వెంట్రుకలు మరీ ఎక్కువ పెట్టడం. ఫ్లై గుండా అవతలి గోడ కనబడాలి.

గర్గ్లర్ అనే తేలే ఫ్లై వేరే ఊరిది. బోస్టన్‌కు చెందిన జాక్ గార్ట్‌సైడ్ ఫోమ్ పట్టీతో దీన్ని తయారుచేశాడు. సముద్రపు చేపల కోసం పేరుపడ్డా బాస్ చెరువుల్లో ఇంకా బాగా పనిచేసింది. 2 మిల్లీమీటర్ల ఫోమ్ షీట్‌లో హుక్ వంపు ఎంత వెడల్పో అంతే వెడల్పు పట్టీ కోయాలి. కాడ పొడవంత తోక కట్టాక, పట్టీని వంపు దగ్గర వెనక్కి చూసేలా కట్టి, షెనిల్ చుట్టి, దాని మీద కోడి మెడ ఈక ఐదారు చుట్లు. తర్వాత పట్టీని వీపు మీదుగా ముందుకు మడిచి హుక్ కన్ను వెనక కట్టెయ్యాలి. ముందు 5, 6 మిల్లీమీటర్లు పెదవిలా వదిలి కోసెయ్యాలి. ఆ పెదవి కింద దారం నాలుగైదు చుట్లు వేస్తేనే అది పైకి లేచి నిలబడుతుంది, నీళ్లను గుటకలు వేస్తూ తోస్తుంది. పట్టీ వెడల్పైతే ఫ్లై పక్కకు పడుకుంటుంది. పెదవి పొడుగైతే గాల్లో గిరగిరా తిరిగి లైను కొసకు కట్టే సన్న దారాన్ని (లీడరు) తాడులా పేనేస్తుంది. సన్న దారం ఫోమ్‌ను కోస్తుంది, 140 డెనియర్ లావు దారం వాడండి. పొట్ట కింద ఈక పోగులను కత్తెరతో సమంగా కొట్టెయ్యడం మర్చిపోకండి. ముడి లూప్ నాట్ (బిగవని ఉచ్చు ముడి) అయితే ముక్కు స్వేచ్ఛగా ఊగుతుంది.

జింక వెంట్రుకల బగ్గు గురించి ఎంత రాసినా తక్కువే. ఒంటి మీది వెంట్రుక లోపల గాలి ఉంటుంది కాబట్టి దారం బిగిస్తే విచ్చుకుని నిలబడుతుంది. తోక వెంట్రుక అలా విచ్చుకోదు. పెన్సిలంత కట్ట తీసుకుని, అడుగున ఉన్న మెత్తటి బూరు అంతా దువ్వి తీసెయ్యాలి. బూరు మిగిలితే కట్ట కాడ చుట్టూ తిరగదు. రెండు వదులు చుట్లు, మూడో చుట్టుతో పాటు గట్టిగా లాగడం, వేళ్లతో వెనక్కి నొక్కడం, మళ్లీ ఇంకో కట్ట. చివర బ్లేడు విల్లులా వంచి కోత. అడుగు భాగం చదునుగా మొదట కోసుకోవాలి, వంపు ఖాళీ దాంతోనే తేలుతుంది. నాలుగు చేపలు పట్టాక నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. ఫోమ్ వచ్చాక జనం దీన్ని వదిలేసింది ఇందుకే. కానీ నీటి మీద అది పడే మెత్తటి చప్పుడు ఫోమ్‌కు రాదు.

ఇక మల్బరీ. మనకు మల్బరీ అంటే హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగుల తోటలు. టెక్సస్‌లో వాగుల ఒడ్డున చెట్లు వాటంతటవే పెరుగుతాయి, ఏప్రిల్, మే నెలల్లో పళ్లు నీళ్లలో రాలతాయి. కార్ప్, గడ్డి చేప, క్యాట్‌ఫిష్ ఆ కొమ్మల కిందకి చేరి నోళ్లు తెరుచుకుని ఉంటాయి. మిగతా ఏడాదంతా అడుగున బురద తవ్వుకునే కార్ప్ ఆ కొన్ని వారాలూ పై నీటిలో పళ్లు తింటుంది.

6 లేదా 8వ నంబరు లావు తీగ హుక్కు ఉండాలి. సన్న తీగ హుక్కును కార్ప్ నిటారుగా చాపేస్తుంది. ముదురు ఊదా షెనిల్‌ను 12 నుంచి 15 మిల్లీమీటర్ల ఉండలా మధ్యలో లావుగా, చివర్లు సన్నగా చుట్టి, పైన తొడిమకు 3 మిల్లీమీటర్ల ఆకుపచ్చ షెనిల్ ముక్క. బరువు తీగ అసలు వద్దు. చుట్లు మరీ బిగువుగా ఉంటే నీళ్లు పట్టక తేలుతూ ఉండిపోతుంది, వదులుగా ఉంటే రెండో చేపకే విడిపోతుంది. వాడేముందు నీళ్లలో పిండి తడుపుకోవాలి. తేలే రకం కావాలంటే అదే సైజు ఊదా ఫోమ్.

ఇక్కడ మెల్లగా దించితే పని కాదు. పండు రాలి టప్‌మని పడాలి. లైనును ఎత్తుగా విసిరి ఫ్లైని పైనుంచి వదలాలి, కార్ప్ ఆ చప్పుడుకే తిరుగుతుంది. పడ్డాక లాగకూడదు, పండు ఈదదు కదా. ప్రవాహం లైనును లాగితే ఫ్లై పక్కకు జారుతుంది, కార్ప్ వెంటనే ముఖం తిప్పుకుంటుంది. అందుకని లైను కొంచెం వదులు వదిలి, ఎగువ వైపుకు మడిచి పెట్టుకోవాలి. తెల్లటి పెదవులు తెరుచుకున్నప్పుడు లాగారంటే నోట్లోంచి ఫ్లై ఊడొస్తుంది. పెదవులు మూసుకుని తల కిందకి వంగేదాకా ఆగి రాడ్ నెమ్మదిగా ఎత్తాలి. మొదటి పరుగు ఆగదు, రీలు మీద లైను వెనక అదనంగా చుట్టే బ్యాకింగ్ దారం ఉండి తీరాలి.

పాత ఫ్లైలు దాచుకోవడం గురించి కూడా రాయాలి. పాత రబ్బరు కాళ్లు వేసవిలో కారు డిక్కీలో పెడితే జిగటగా అతుక్కుని, తర్వాత పెళుసుబారి తెగిపోతాయి. సిలికాన్ కాళ్లు ఎక్కువ కాలం నిలుస్తాయి గానీ, అంత మెత్తగా వణకవు. మెత్తటి ప్లాస్టిక్ వానపాముల ఎరలను ఫ్లైలున్న డబ్బాలో ఎప్పుడూ పెట్టకండి. అందులోని నూనె కార్కు మీది రంగునూ రబ్బరునూ కరిగించి అన్నిటినీ ఒక ముద్ద చేస్తుంది. ఈకలకు నాఫ్తలీన్ ఉండలు మంచివే. ఫోమ్, రబ్బరు ఉన్న డబ్బాలో మాత్రం వద్దు, అవి కూడా మెత్తబడతాయి.

మన దగ్గర ఇవన్నీ దేనికంటే, కొర్రమీను ఉంది. తెలంగాణ రాష్ట్ర చేప. గాలానికి కప్పను గుచ్చి తామరాకుల మధ్య ఆడించడం మనవాళ్లకు తెలిసిన పద్ధతే, బార్‌ట్రమ్ చూసిన వేటకు ఇది దగ్గరి చుట్టం. కప్ప బదులు ఆకుపచ్చ ఫోమ్ గర్గ్లర్ పెట్టవచ్చు. వెడల్పు వంపు 1/0 హుక్కు, రెండు కాళ్లలా చీల్చి కట్టిన మేక వెంట్రుకలు, పక్కలకు రబ్బరు పోగులు. ఫోమ్ షీట్లు బడిపిల్లల క్రాఫ్ట్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతాయి, పోగులు లావు ఇలాస్టిక్ విప్పితే వస్తాయి. జింక వెంట్రుకలు మాత్రం వద్దే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు జింక వెంట్రుక దగ్గరుంచుకోవడం నేరం, అమెరికా నుంచి తెచ్చింది అని విమానాశ్రయంలో వాదించే పని పెట్టుకోకండి. చాలా చెరువులు మత్స్యకారుల సహకార సంఘాల లీజులో ఉంటాయి, ముందు వాళ్లనడగాలి.

కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకొస్తుంది, ఆ గుటక కనబడ్డచోటుకు నాలుగడుగులు అవతల వేసి మెల్లగా ఇవతలికి లాగాలి. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద బుడబుడలాడుతుంటే తల్లిదండ్రులు కిందే ఉంటాయి, అక్కడ వెయ్యకండి. ఆకుల్లో చిక్కకుండా 0.5 మిల్లీమీటర్ల నైలాన్ ముక్కను వంపు దగ్గర కట్టి, హుక్ మొన ముందు నుంచి అర్ధచంద్రంలా తిప్పి కన్ను వెనక ముడెయ్యాలి, ఇదే గార్డు. వేలితో నొక్కితే తేలిగ్గా లోపలికి ఒదగాలి. ఒదగకపోతే దారం మార్చి 0.45 పెట్టండి, ఎందుకంటే కొర్రమీను నోరు ఎముక గట్టి, గార్డు మీద పోగొట్టే బలం అక్కడ మిగలదు.